ఆరో కానా

ప్రతి యేడు మిరుగు కార్తెకు ముందు
డిపార్ట్‌మెంటోళ్లు నాకు రెండు డబ్బాలిస్తరు,
ఒకటి తెలుపు, ఒకటి నలుపు.
తునికివాగు ఎన్ని అడుగులు లేసిందో
ఒడ్డు మీది మనిషికి ఎరుకయ్యేటట్టు
బిరిజి కాళ్ల మీద అంకెలు రాసుడు నా పని.
ఇరవై ఆరేండ్ల సంది
సున్న గీసే కాడ నా చెయ్యి వణకలే.

బిరిజి లేనప్పుడు
ఇవుతల దొడ్డిపెల్లి, అవుతల ఇప్పలగూడెం,
నడుమ తోకల నర్సింగం దోనె.
అణా ఉంటె అణా,
లేకుంటె తిరిగొచ్చేటప్పుడు దోసెడు ఇప్పపువ్వు.
వాగు కోపానికొస్తె
గూడెపోళ్లు ఉప్పు లేని గటక తాగెటోళ్లు,
మా ఊరోళ్లు గట్టు మీద కూసోని
అవుతలి పొగ చూసి, బతికే ఉన్నరనుకునెటోళ్లు.

ఒడ్డెరోళ్లు వచ్చిన్రు, గాడిదల మీద గుడిసెలేసుకొని.
డంగు సున్నంల బెల్లం కలిపిన్రంట.
చీమలు పట్టిన బిరిజి ఇదొక్కటేరా అని
మా తాత సచ్చేదాక నవ్వేది.
ఏడో కానా కింద, సున్నం పచ్చిగున్నప్పుడు ఆనిచ్చిన
ఒక ఆడమనిషి చెయ్యి గుర్తుంది.
నాలుగు వేళ్లే.
ఐదోది యాడ పోయిందో ఏ రిజిస్టర్ల లేదు.

కొత్త బిరిజి మీద మొదాలు దాటింది ఉప్పు బస్తా.
దాని ఎనుక అప్పుల పుస్తకం.
ఆకు కాంట్రాక్టరు జీపు ఆ ఎండకాలమే దాటింది.
బడి పంతులుకు మాత్రం ఇంకో తొమ్మిదేండ్లు పట్టింది,
అదీ చెయిను ఊడే సైకిలు మీద.

ఇగ గా రాత్రి.
నేను గేజి చూడనీకి పోయి నడుమ ఇరుక్కున్న.
రెండు కొసలు మునిగినంక
మిగిలిన గా మూడు కానల బిరిజి
ఏ ఊరిదీ గాదు.
ఈసం లచ్చుబాయిని ములుగు దవాఖానకు తోలే బండి
అక్కడనే ఆగింది, ఎడ్లు ముందుకు రావంటె రావు.
మా ఊరి జంపాల కొంరమ్మ
నడుముకు మోకు కట్టుకొని, బొడ్డు కొడవలి పండ్ల నడుమ పట్టుకొని
నీళ్లల్లకెల్లి వచ్చింది.
నేను లాంతరు ఎత్తి పట్టి, మొకం అటు తిప్పి నిలవడ్డ.
ఎనుక కొంరమ్మ "ఇంకొంచెం, బిడ్డా, ఇంకొంచెం" అంటంది.
నాకేం తోచక అంకెలు చదువుతన్న.
పదమూడు.
పద్నాలుగు.
పద్నాలుగున్నర.
పద్నాలుగున్నర.
పిలగాడు ఏడ్సిండు.

పుట్టిన ఊరు ఏదని రెండు పంచాయతీలు కొట్లాడినయి.
ఆఖరికి కాయితం మీద
ఆరో కానా అని రాసి ముద్ర గుద్దిన్రు.
గూడెం పెద్దలు తాత పేరే పెట్టిన్రు గని
ఎవలూ పిలువలే.
బిరిజయ్య అంటెనే పలుకుతడు.

ఇప్పుడు ఎగువ దిక్కు పెద్ద బిరిజి లేస్తంది.
బిరిజయ్య దానికి సలాకలు కడుతుండు.
దానికి మిషిని కన్ను పెడతరట,
నీళ్ల లెక్క అదే హన్మకొండకు చెప్తదట.
"పాతదానికి అంకెలొద్దు" అన్నడు ఏఈ సారు,
నా మొకం చూడకుంట.

డబ్బా అడుగున పోయినేటి తెలుపు కొంచెం ఉండె.
వాగులకు దిగిన.
ఇసుక లారీలు తవ్వి తవ్వి
వాగును ఎంత కిందికి దించినయంటె
నేను గీసిన సున్న
నా నెత్తికి జానెడు పైన, గాలిల ఉంది.
నీళ్లు దాన్ని ముట్టాల్నంటె
ముందు నన్ను ముంచాలె.

పైకెక్కి బిరిజయ్యను పిలిచిన.
పగ్గం నా నడుముకు కట్టి, కొస ఆయన పట్టిండు.
ఆరో కానా కాడ ఏలాడుకుంట కుంచె ముంచిన.
"ఎంత రాస్తున్నవే పెద్దయ్యా?"
"నువ్వు పుట్టినంత."
ఏమనలే. పగ్గం మాత్రం
ఇంకో సుట్టు చేతికి సుట్టుకున్నట్టు తెలిసింది.

పద్నాలుగు రాసిన.
అరకు తెలుపు సరిపోలే.